పొగ తీసేసిన బొమ్మ

ఆమె పోయిందన్న కబురు వచ్చేసరికి నేను మేడ మీద ఆరేసిన బట్టలు తీస్తున్నాను. శేషాచలం కొండల్లో ఎక్కడో అడవి అంటుకున్నట్టుంది, పొద్దుటి నుంచీ పొగ తిరుపతి మీదికి దిగుతూనే ఉంది. సాయంత్రం ఇంకా కాకముందే ఎండ పసుపు కలిపిన నీళ్లలా పలచబడిపోయింది. ఉతికిన బట్టలన్నీ మసి వాసన. విసుక్కుంటూ ఫోను తీస్తే, మా పాత విద్యార్థుల గ్రూపులో ఎవరో ఆమె ఫొటో పెట్టారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. ఆ తర్వాత ఒక్కొక్కరూ మొదలుపెట్టారు. మాతృమూర్తి అని రాశాడు ఒకడు. కరుణామయి అని రాసింది ఇంకొకతె. నాకు నవ్వొచ్చింది. చావు కబురు విని నవ్వకూడదని తెలుసు, అయినా వచ్చింది.

నేనేమీ రాయలేదు. ఆమె గురించి రాయాల్సి వస్తే నిజమే రాయాలి, ఆమె దగ్గర నేర్చుకున్న చదువు అలాంటిది. నిజం రాస్తే నన్ను గ్రూపులోంచి తీసేస్తారు.

ఆమెకు ఒక పేరుంది, గది తలుపు మీద పలక కూడా ఉండేది. కానీ మాకు మేడం అంటే ఆమె ఒక్కతే. మిగతావాళ్లను పేరు కలిపి పిలిచేవాళ్లం. తిరుపతిలో నేను చదివిన విశ్వవిద్యాలయంలో శాటిలైట్ బొమ్మలు చదవడం నేర్పేది. పొట్టి మనిషి. ముక్కుకు తెల్లరాయి, నుదుట నిలువుగా ఎర్రటి శ్రీచూర్ణం, జడలో ఏ కాలమైనా పువ్వులు. తిరుచానూరులో గుడి వెనక వీధిలో ఇల్లు, పుట్టింటివాళ్లంతా గుడి కైంకర్యంలో ఉన్నవాళ్లే. రోజూ షేర్ ఆటోలో వచ్చేది. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో స్టీలు డబ్బా. ఆ డబ్బాలో పులిహోర ఉండేది.

ఆ పులిహోర సంగతి ముందే చెప్పాలి, లేకపోతే ఆమె అర్థం కాదు. రోజూ తెచ్చేది, రోజూ పెట్టేది కాదు. ఎవరినైనా నిలబెట్టి, నలుగురి ముందు నలిపి, వాళ్లు ఇక తలెత్తలేరు అనుకున్నాక డబ్బా మూత తీసేది. "తిను, అమ్మవారి ప్రసాదం, వద్దనకూడదు" అని చేతిలో పెట్టేది. అందుకే మాలో ఎవడైనా మధ్యాహ్నం పులిహోర తింటూ కనబడితే, ఏమైందిరా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. రుచి మాత్రం అమృతం. కన్నీళ్లు కారుతున్నా ఇంకొంచెం పెడితే బాగుండనిపించేది.

మొదటి రోజు తరగతిలోనే తన పద్ధతి చూపించింది. గోడ మీద ఒక శాటిలైట్ బొమ్మ వేసి, "ఏం కనబడుతోంది?" అని అడిగింది. మనం విమానంలోంచి చూస్తే ఎలా ఉంటుందో అలాంటి రంగుల బొమ్మ. పచ్చటి కొండలు, వాటి మీద పెద్ద తెల్లటి మరక. మబ్బు అన్నాడు ఒకడు. మంచు అన్నాడు ఇంకొకడు. ఆమె దేన్నీ కాదనలేదు. పైగా "ఎందుకు మబ్బనుకుంటున్నావు?" అని తియ్యగా అడిగి, వాళ్లచేత పెద్ద పెద్ద కారణాలు చెప్పించింది. అందరూ బాగా మాట్లాడి, తమ తెలివికి తామే మురిసిపోయాక కీబోర్డు మీద ఒక్క మీట నొక్కింది. మరక మాయమైపోయింది. దాని కింద కొండ నల్లగా కాలిపోయి ఉంది. నలుపు అంచున నారింజ రంగు గీత ఒకటి వంకరలు తిరుగుతోంది.

"అది మంట," అంది. "మీరు ఇంతసేపూ మబ్బు గురించి చెప్పినారు. కింద అడవి కాలిపోతావుంది."

ఆమెకు తెలిసిన చదువంతా ఆ మీట దగ్గరే ఉందని నాకు తర్వాత తెలిసింది. అది మంత్రం కాదు. పొగలో ఉండే నుసి చాలా చిన్నది, వెంట్రుక మందంలో ఎన్నో వంతు. వెలుతురులో నీలం అల చిన్నది, అది ఆ నుసికి తగిలి అటూ ఇటూ చెదిరిపోతుంది. ఎరుపు అల కొంచెం పెద్దది, అది చాలావరకు తప్పించుకొస్తుంది. ఇంకా పెద్ద అలలున్న వెలుతురు ఒకటుంది, మన కంటికి కనబడదు, శాటిలైట్‌కి కనబడుతుంది. దానికి పొగ ఉన్నా లేకపోయినా ఒకటే. మీట నొక్కితే వచ్చేది ఆ వెలుతురులో తీసిన బొమ్మ. ఇదంతా ఆమె ఒక్క ముక్కలో చెప్పేది. "తోపుడుబండి చక్రానికి గులకరాయి అడ్డమొస్తుంది. కొండకి పోయే బస్సు చక్రానికి అడ్డమొస్తుందా?"

అడవి కాలే రోజుల్లో ఊరంతా మూతికి గుడ్డ కట్టుకుని కిటికీలు మూసుకునేది. మేము మాత్రం మా డిపార్ట్‌మెంటు మేడ మీద ఉండేవాళ్లం. అరచేతిలో పట్టేంత పరికరం ఒకటి ఉండేది, దాన్ని సూర్యుడి వైపు గురిపెట్టి పట్టుకుంటే ఎండలో ఎంత భాగం పొగకు పోయిందో చెబుతుంది. కళ్లు మండేవి, గొంతు గరగరలాడేది. నాతో చదివే అమ్మాయి ఒకతె ఆయాసం మనిషి. ఒకరోజు దగ్గుతూనే పరికరం పట్టుకుని నిలబడింది. మేడం చూసి, "కిందికి పో" అంది. పోనీలే, జాలిపడిందనుకున్నాం. "నీ దగ్గుకి చెయ్యి వణుకుతోంది. కొలత చెడిపోతుంది" అని వాక్యం పూర్తి చేసింది.

ఆ మేడ మీదే ఒకసారి నేను నోరు జారాను. పొగలో సూర్యుడు దిగుతున్నాడు, చూస్తే బాగుంది. "కుంకుమ బొట్టులా ఉన్నాడు మేడం" అన్నాను. ఆమె గొడుగు మూసి నా వైపు తిరిగింది.

"సూర్యుడికి ఏమీ కాలేదు. ఆయన తెల్లగానే ఉన్నాడు. మధ్యలో పొగ నీలాన్నంతా చెదరగొట్టేసింది. మిగిలింది నీ దాకా వచ్చింది. ఎంగిలి వెలుతురు. దాన్ని పట్టుకుని కుంకుమంటావు. అడవి కాలితే నీకు కవిత్వం వస్తోందా?"

ఆ రోజు పులిహోర నాది.

ఇందాక మాతృమూర్తి అని రాసినవాడి సంగతి చెప్పకపోతే అన్యాయం. మదనపల్లె వైపు కరువు పల్లె నుంచి వచ్చిన కుర్రాడు వాడు. కష్టపడి ఒక ఎండాకాలమంతా మన కొండల శాటిలైట్ బొమ్మలన్నీ లెక్కవేసి, మంటలు చాలా తక్కువగా ఉన్నాయని తేల్చాడు. పొగ మబ్బులాగే తెల్లగా ఉండి వెలుతురును వెనక్కి కొడుతుంది కాబట్టి, కంప్యూటరు ఒక్కోసారి పొగను కూడా మబ్బని రాసి ఆ ముక్కను లెక్కలోంచి తీసేస్తుంది. వాడు కంప్యూటరును నమ్మాడు. మేడం వాడిని అందరి ముందూ నిలబెట్టింది.

"ఎండాకాలం చిత్తూరులో ఇన్ని మబ్బులు పట్టినాయా అప్పా?"

"పట్టినాయి మేడం."

"వాన పడిందా?"

"లేదు మేడం."

"మీ ఊళ్లో మీ నాయన దుక్కి దున్నినాడా?"

వాడు అప్పటికి గ్రహించాడు. నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె ఆగలేదు. "ఎంత ఎక్కువ కాలితే అంత పొగ. ఎంత పొగ ఉంటే నీకు అంత మబ్బు. అంటే అడవి బాగా కాలిన రోజు నీ లెక్కలో అడవి చల్లగా ఉంది. నీ తలకాయలో కూడా మబ్బు తప్ప ఏమీ లేదు. మొదటి నుంచీ చెయ్యి." వాడు వరండాలో నిలబడి ఏడుస్తూ పులిహోర తినడం నేను కళ్లారా చూశాను. ఇప్పుడు వాడికి ఆమె మాతృమూర్తి అయింది. చచ్చిపోయినవాళ్లు పులిహోర పెట్టలేరు కదా, ధైర్యమొచ్చింది.

ఇవన్నీ మేము చదువుకునేవాళ్లం కాబట్టి పడ్డాం. మా మామకు ఏం పట్టింది?

మా అమ్మ తమ్ముడాయన. పూతలపట్టు దాటాక ఒక పల్లెలో, అడవి కొండ కింద తోతాపురి మామిడి తోపు ఉంది ఆయనకు. పిల్లల్లేరు. మామ, అత్త, తోపు, అంతే వాళ్ల సంసారం. ఎవరితోనూ పేచీ లేనివాడు, మాటకు నిలబడేవాడు అని చుట్టుపక్కల ఊళ్లలో పేరు. మామిడి పూత మీదున్న రోజుల్లో ఒక ఉదయం ఆ కొండ అంటుకుంది. సాయంత్రానికి కొండంతా బూడిద. మంట ఆర్పబోయిన అటవీ వాచరు, మామ ఊరివాడే, రెండు కాళ్లూ కాలిపోయి ఆసుపత్రిలో పడ్డాడు. మంట మామ తోపులోంచే లేచిందని వాచరు అన్నదమ్ములు వచ్చి గడపలో నిలబడ్డారు.

మామ ఆ పొద్దు ఊళ్లోనే లేడు, చిత్తూరు పోయి ఉన్నాడు. అందుకే వాళ్లతో వాదులాడలేదు. "పదండి కాణిపాకం" అన్నాడు.

మా వైపు దాని అర్థం అందరికీ తెలుసు. కాణిపాకం కోనేట్లో మునిగి, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చేస్తే ఆ తగువు అక్కడికి తెగిపోతుంది. అక్కడ అబద్ధమాడినవాడిని దేవుడు ఏం చేస్తాడో ఏమో గానీ, ఊరు మాత్రం మనిషిగా చూడదు. మామ మునిగాడు, ప్రమాణం చేశాడు. అత్త పొడి పంచె పట్టుకుని పక్కనే నిలబడింది. వాచరు అన్నదమ్ములు మారుమాట లేకుండా వెళ్లిపోయారు. ఊరు నమ్మింది. అటవీశాఖ వాళ్లు మాత్రం ప్రమాణాలు మాకు లెక్కలోకి రావన్నారు, కేసు అలాగే ఉంచారు.

అప్పుడు మామ నాకు ఫోన్ చేశాడు.

"పాపా, మీ మేడం పైనించి తీసిన బొమ్మలు సూస్తాదంట కదా. ఆ పొద్దుటి బొమ్మ ఒకటి ఆ యమ్మని సూడమను. మంట కొండమీదనించి దిగింది, నా తోపులో పుట్టలేదు. దేవుడు సూసినాడు. మీ శాటిలైట్ సూడకుండా పోతాదా?"

"మామా, ఆమె మంచి మనిషి కాదు" అన్నాను.

"నిజం సెప్పేదానికి మంచితనమెందుకు పాపా?"

ప్రమాణం చేసి గెలిచినవాడు, దానికి ఆకాశం నుంచి రెండో సాక్ష్యం తెచ్చుకోవాలనుకున్నాడు. ఇలాంటి ఆలోచన మా మామకే వస్తుంది. ఏ తప్పూ చెయ్యలేదని గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయేవాడికి వచ్చే ఆలోచన అది.

ఇద్దరూ బస్సెక్కి వచ్చారు. అత్తను ఎవరూ రమ్మనలేదు, అయినా వచ్చింది. సంచీలో మేడం కోసం వేరుశనక్కాయలు తెచ్చింది. మేడం లేచి మామకు కుర్చీ చూపించింది. ఎవరినీ కూర్చోమనే అలవాటు లేని మనిషి కూర్చోమనేసరికి నా చూపు స్టీలు డబ్బా మీదికి పోయింది. అటవీశాఖ వాళ్లు కొండ కాలిన రోజు బొమ్మను ముందే అడిగి ఉన్నారని, ఆమె దాన్ని అప్పటికే చూసేసిందని నాకు తెలియదు.

మొదటి బొమ్మ వేసింది. కింద మామ తోపు, పైన కొండ, రెంటినీ కప్పేసి తెల్లటి పొగ.

"చూడండయ్యా. మీ కొండ."

మామ ముఖం విప్పారింది. "అంతా పొగేనమ్మా. ఇంకేముండాది ఈడ? మంట యాడ పుట్టిందో ఎవురికి తెలుస్తాది?"

"తెలీదు కదా?"

"యాడ తెలుస్తాదమ్మా! ఆ దేవుడికే తెల్సు. అందుకే నేను కాణిపాకం పోయి నిలబడినా."

"ఏమని ప్రమాణం చేసినారు? మాటకి మాట చెప్పండి."

నేను "మేడం" అన్నాను. ఆమె నా వైపు చూడలేదు. మామ కుర్చీలోంచి లేచాడు. ఆ గదిలో, ఫ్యాను కింద, దేవుడి ముందు నిలబడినట్టే నిలబడి కుడిచెయ్యి చాచాడు.

"నేనుగానీ, నా ఇంట్లోవాళ్లుగానీ ఆ మంట ముట్టించలేదు. ముట్టించింటే నా వంశం నాతోనే పోనీ."

పిల్లల్లేని మనిషి అలా ఒట్టు పెట్టుకుంటాడా అని నాకు ఏడుపొచ్చింది. మేడం ఆయన్ని చూడటం లేదు. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న అత్తను చూస్తోంది. అత్త కొంగుతో మెడ తుడుచుకుంటోంది.

మీట నొక్కింది.

పొగ పోయింది. తోపు పచ్చగా, కొండ పచ్చగా. తోపు మూల నుంచి కొండ దాకా, విసనకర్ర విప్పినట్టు ఒక నల్లటి ముక్క. తోపు దగ్గర సన్నగా మొదలై, కొండ పాదం దగ్గర వెడల్పయింది. ఆ వెడల్పు చివర నారింజ గీత. మామ కళ్లు చికిలించి దగ్గరికి వెళ్లాడు.

"ఇది మా మోటారు కొట్టం కదూ?"

"అవును."

"ఈ నలుపేందమ్మా?"

"కాలిన నేల. సన్నగా ఉండే చోట మొదలయింది, వెడల్పుగా ఉండే వైపు పోయింది. కొండ చూడండి, ఇంకా అంటుకోలేదు. ఇప్పుడే అంటుకోబోతోంది."

మామ వేలు తెర మీద కొట్టం దగ్గర ఆగిపోయింది. "ఎవురో బీడీ పారేసింటారు" అన్నాడు.

"ఏమో. బొమ్మలో మనుషులు కనబడరు" అంది మేడం. తర్వాత కుర్చీ తిప్పింది. "నువ్వు చెప్తావా అమ్మా? తగలబెట్టింది నువ్వేనా?"

అత్త స్టూలు మీద నుంచి జారి నేల మీద కూర్చుంది.

"తగలబెట్టలేదమ్మా. పూతకు పురుగు పట్టింటే పొగ ఏసినా. ఎండాకు మీద పచ్చాకు ఏసి, నీళ్లు సల్లి, పొగే ఏసినా. మా అత్త కాలంనించీ ఏస్తాండేదే. ఆరిపోయిందనుకుని ఇంటికొచ్చినా."

మామ ఆమె వైపు తిరిగాడు. "కోనేటికాడ నా పక్కనే నిలబడుకోనుంటివి కదే."

"మీరు ముట్టించలేదు కదా. మీ ప్రమాణం అబద్ధమెట్లయితాది అనుకున్యా."

"నా ఇంట్లోవాళ్లు అన్యా కదే!"

ఆ తర్వాత ఆయన ఆమెతో ఇంకేమీ అనలేదు. అప్పుడు మా మేడం, ఆ మహాతల్లి, స్టీలు డబ్బా మూత తీసింది. రెండు కాగితం పళ్లేల్లో పులిహోర పెట్టింది. మామ ముట్టుకోలేదు, చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. అత్తను మాత్రం వదల్లేదు. "తినమ్మా, అమ్మవారి ప్రసాదం, వద్దనకూడదు" అంది. అత్త నేల మీద కూర్చునే ఒక్క మెతుకు మిగలకుండా తింది. పళ్లెం తీసుకోబోతే నా చేతిని నెట్టేసింది.

వాళ్లను బస్సెక్కించి వచ్చి ఆమెను నిలదీశాను. "బొమ్మ మీరు ముందే చూసినారు కదా మేడం. రెండోదే చూపించి ఉండొచ్చు కదా. ఆయనచేత ప్రమాణమంతా చెప్పించాలా?"

ఆమె వేరుశనక్కాయ ఒలుచుకుంటూ చెప్పింది. "ముందే చూపిస్తే మీ మామ నన్ను తిడతాడు, బొమ్మను తిడతాడు, శాటిలైట్‌ను తిడతాడు. పొగను నమ్ముకున్నానని తన నోటితో తానే చెప్పినాక చూపిస్తే తిట్టేదానికి ఎవరూ ఉండరు. పాఠం అట్లే ఎక్కుతుంది."

"అది పాఠం కాదు మేడం, మా మామ."

"నాకు తెలుసు" అంది. ఆ గొంతులో ఏమైనా ఉందేమోనని అప్పుడూ వెతికాను, ఇప్పుడూ వెతుకుతున్నాను. ఏమీ లేదు. ఆ క్షణంలో ఆమె గొంతు పిసికేద్దామన్నంత కోపమొచ్చింది. ఆ కోపం నాలో ఇంకా ఉంది, దాన్ని చల్లార్చుకోవాలని నేను అనుకోవడం లేదు.

మామ ఆ రోజు ఇంటికి పోలేదు. దారిలో దిగి కాణిపాకం వెళ్లి, మళ్లీ కోనేట్లో మునిగి, మొన్నటి తన మాట అబద్ధమని దేవుడికీ అక్కడున్న జనానికీ వినబడేలా చెప్పాడట. అక్కడి నుంచి నేరుగా అటవీశాఖ ఆఫీసుకు పోయి, నిప్పు పెట్టింది నేనే అన్నాడు. పెళ్లాం పేరు ఎత్తలేదు. నిజం చెప్పిన నోటితోనే అబద్ధం చెప్పాడు, జైలుకు పోయి వచ్చాడు. ఊళ్లో ఆయన పేరు పోయింది. పెళ్లి భోజనాల్లో ఆయన పక్క విస్తరి ఖాళీగా ఉంటుంది. కుంటుతూ నడిచే ఆ వాచరు ఎదురైతే ఆయనే పక్కకు తప్పుకుంటాడు.

అటవీశాఖ వాళ్లు నిప్పు ఎవరు పెట్టారో మీకేమైనా తెలుసా అని మేడంను అడిగారు. "బొమ్మలో మనుషులు కనబడరు" అందామె. అత్త ఒప్పుకోవడం విన్నది మామ, మేడం, నేను, ముగ్గురమే. మేడం జాలిపడి దాచిందా, బొమ్మలో లేనిది చెప్పకూడదన్న తన నియమానికి కట్టుబడిందా, నేను అడగలేదు. అడిగితే రెండోదే చెప్పేదని నాకు తెలుసు.

మామ అత్తతో మాత్రం మాట్లాడడు. ఒకే ఇల్లు, ఒకే తోపు. అత్త మాట్లాడుతూనే ఉంటుంది. కోడి గుడ్లు పెట్టింది, కరెంటు పోయింది, పాప ఫోన్ చేసింది, అన్నీ చెబుతుంది. ఆయన గోడ వైపు చూస్తాడు. ఆకలేస్తే చెంబు నేలకేసి చప్పుడు చేస్తాడు, ఆమె వచ్చి వడ్డిస్తుంది. ఎన్నో పూతలు వచ్చాయి, పోయాయి. ఆ తోపులో మళ్లీ పొగ వేసినవాళ్లు లేరు.

చదువు కోసం నేను ఆ తర్వాత కూడా మేడం దగ్గరే ఉన్నాను. పట్టా పుచ్చుకున్నాను, ఇప్పుడు ఇంకో కాలేజీలో అదే పాఠం చెబుతున్నాను. ముందు పొగ చూపిస్తాను, పిల్లలు మబ్బంటారు, అప్పుడు మీట నొక్కుతాను. వేరేలా చెప్పి చూశాను, ఎవరికీ ఎక్కలేదు.

ఈ మధ్యే ఆమె ఆసుపత్రిలో ఉందంటే వెళ్లాను. ప్రేమతో వెళ్లలేదు. తిరుచానూరులో ఆగి, గుడి దగ్గర పులిహోర కొని, స్టీలు డబ్బాలో పెట్టుకుని మరీ వెళ్లాను. ఆ బుద్ధి ఎక్కడిది అంటే ఆమె దగ్గర నేర్చుకున్నదే. సగానికి సగమై మంచం మీద ఉంది. జడలో పువ్వులు లేవు, ముక్కు రాయి మాత్రం మెరుస్తోంది. పొగ తాగని మనిషికి ఊపిరితిత్తులు పోయాయి. ఎండాకాలాలన్నీ ఆ మేడ మీద గడిపింది, దానివల్లేనా అంటే డాక్టర్లు ఏమీ తేల్చలేదట. నన్ను చూడగానే తలగడ కింద నుంచి స్కాన్ ఫిల్ము తీసి కిటికీ వెలుతురుకు పట్టుకుంది.

"ఏం కనబడుతోంది?"

"నేను డాక్టర్ని కాదు మేడం."

"చూసింది చెప్పు. అంతే అడిగినా."

చూశాను. రెండు వైపులా తెల్లటి మరకలు. మబ్బు, పొగ అని తప్పించుకోవడానికి అక్కడ ఏమీ లేదు.

"రెండు వైపులా ఉంది మేడం. కిందికి కూడా దిగింది. మిగిలింది చాలా తక్కువ."

అలా చెప్పినప్పుడు నాకు హాయిగా అనిపించింది. తర్వాత కూడా అనిపించింది. ఆమె ఫిల్ము దించి తల ఊపింది. "మా తమ్ముడు, వాడి పెళ్లాం, డాక్టర్లు, అందరూ తగ్గిపోతుందంటున్నారు. పొగ వేసి పోతున్నారు అందరూ" అంది. నేను సంచీలోంచి డబ్బా తీసి మూత తెరిచాను. పులిహోరను చూసి ఆమెకు అర్థమైంది. నవ్వింది. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"పెట్టు" అంది. రెండు మెతుకులు తింది. "పోపు మాడింది" అంది. అదే ఆమె నాతో అన్న ఆఖరి మాట.

బట్టలన్నీ మడత పెట్టేసరికి గ్రూపులో ఇంకో కబురు వచ్చింది. తమ్ముడు ఊళ్లో లేడని, దహనం రేపు పొద్దునని. నేను అత్తకు ఫోన్ చేశాను. ఎందుకు చేశానంటే, ఈ కబురు చెప్పాల్సినవాళ్లు నాకు ఈ లోకంలో వాళ్లిద్దరే.

"అత్తా, మా మేడం పోయింది."

"ఎవురు, ఆ పులిహోర పెట్టిన యమ్మా?"

"ఆ యమ్మే."

అత్త ఫోను చెవి దగ్గర నుంచి తీసినట్టుంది, గొంతు దూరమైంది. ఎప్పటిలాగే గోడకు చెప్పినట్టు చెప్పింది. "ఏమయ్యా, ఆ తిరపతి యమ్మ పోయిందంట. పాప సెప్తాండాది."

కాసేపు కోళ్ల చప్పుడు వినబడింది. తర్వాత ఒక మగ గొంతు, తుప్పు పట్టినట్టు.

"తగలబెట్టేసినారా?"

"ఏందయ్యా?" అంది అత్త.

"తగలబెట్టేసినారా అని అడగతాండా నిన్ను."

అత్త ఫోను మళ్లీ చెవికి పెట్టుకుంది. ఊపిరి ఎగబీలుస్తోంది. "పాపా, మీ మామ అడగతాండాడు. నన్నే అడగతాండాడు పాపా. నన్నే. ఏమని సెప్పేది?"

పొగలో సూర్యుడు కొండ అంచుకు దిగాడు. రేపు పొద్దున అన్న కబురు నా చేతిలో ఫోను మీద కనబడుతూనే ఉంది.

"అయిపోయిందని చెప్పత్తా. తగలబెట్టేసినారని చెప్పు."

అత్త చెప్పింది.

"మంచిది" అన్నాడు మామ. కొంచెం ఆగి, "అన్నం పెట్టు" అన్నాడు.